ఆరోగ్య ప్రశ్నోత్తరాలు: కిడ్నీ జబ్బు ఉన్నవారికి ఆపరేషన్ అవసరమైతే

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకే సందేహం. వేరే జబ్బుకు ఆపరేషన్ చేయించుకోవలసి వచ్చింది, తీరా పరీక్షలు చేయిస్తే కిడ్నీలు దెబ్బతిన్నాయని తేలింది, ఇప్పుడు ముందుకు వెళ్లాలా, ఆగాలా అని అడుగుతున్నారు. వాటిలో నాలుగింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: మా అమ్మకు 62 ఏళ్లు. చాలా ఏళ్లుగా బీపీ, షుగరు ఉన్నాయి. పిత్తాశయంలో రాళ్ల వల్ల తరచుగా కడుపునొప్పి వస్తుంటే నెల్లూరులో చూపించాము. ల్యాప్రోస్కోపీ పద్ధతిలో పిత్తాశయాన్ని తీసివేయాలని చెప్పారు. ఆపరేషన్‌కు ముందు చేసిన రక్తపరీక్షల్లో క్రియాటినిన్ 2.1, హిమోగ్లోబిన్ 8.9, పొటాషియం 5.2 వచ్చాయి. మత్తు డాక్టరు గారు వాటిని చూసి, కిడ్నీ డాక్టరుకు చూపించుకుని రమ్మన్నారు. అమ్మ బీపీకి టెల్మిసార్టాన్, ఆమ్లోడిపిన్, షుగరుకు మెట్‌ఫార్మిన్, డాపాగ్లిఫ్లోజిన్ వాడుతోంది. ఆపరేషన్ చేయిస్తే ఉన్న కాస్త కిడ్నీ కూడా పోయి డయాలసిస్ మీద పడుతుందని బంధువులు భయపెడుతున్నారు. చేయించమంటారా, మానుకోమంటారా?
– ఒక సోదరి, ఉదయగిరి

జవాబు: చేయించండి, అయితే కొన్ని వారాలు సిద్ధపడి చేయించండి. మత్తు డాక్టరు గారు ఆపి పంపించడం మీకు ఇబ్బందిగా తోచి ఉండవచ్చు గానీ, ఆయన మీ అమ్మగారికి మేలే చేశారు. పిత్తాశయంలో రాళ్లు ఉండి మాటిమాటికీ నొప్పి వస్తున్నప్పుడు కిడ్నీల భయంతో ఆపరేషన్‌ను ఏళ్ల తరబడి వాయిదా వేస్తే, ఏదో ఒక రోజు పిత్తాశయం వాచి, చీము పట్టి, జ్వరంతో బీపీ పడిపోయిన స్థితిలో అర్ధరాత్రి ఆస్పత్రికి పరుగెత్తవలసి వస్తుంది. ఆ స్థితిలో చేసే అత్యవసర ఆపరేషన్ కిడ్నీలకు చేసే చేటు, తీరికగా సిద్ధపడి చేయించుకున్న ఆపరేషన్ చేసే చేటు కంటే చాలా ఎక్కువ.

క్రియాటినిన్ అంటే కిడ్నీలు రక్తంలోంచి వడపోసి పంపవలసిన వ్యర్థం, కిడ్నీలు బలహీనపడేకొద్దీ ఆ అంకె పెరుగుతుంది. ముందుగా తేల్చుకోవలసింది, ఈ 2.1 పాతదా, కొత్తదా అన్న విషయం. ఇంట్లో బీరువాలోనో, పాత ప్లాస్టిక్ సంచుల్లోనో ఉన్న లాబ్ రిపోర్టులన్నీ వెతికి తీయండి. ఏడాది క్రితం కూడా క్రియాటినిన్ రెండు దగ్గరే ఉంటే అది నిదానంగా సాగుతున్న దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు. మొన్నటిదాకా 1.2 ఉండి ఇప్పుడు 2.1 అయి ఉంటే, కడుపునొప్పికి వేయించుకున్న సూదులో, వాంతులతో ఒంట్లో నీరు తగ్గడమో, ఇన్‌ఫెక్షనో కారణమై ఉండవచ్చు. అలాంటప్పుడు ఆ కారణాన్ని సరిచేసి, క్రియాటినిన్ దిగివచ్చిన తరువాతే ఆపరేషన్ పెట్టుకోవాలి. మూడు నెలలకు పైగా కొనసాగితేనే దీర్ఘకాలిక జబ్బుగా లెక్క. మీ అమ్మగారి వయసుకు క్రియాటినిన్ 2.1 అంటే కిడ్నీల వడపోత నిమిషానికి సుమారు 26 మిల్లీలీటర్లు. దీన్ని ఈజీఎఫ్ఆర్ అంటారు. 15కీ 29కీ మధ్య ఉంటే అది కిడ్నీ జబ్బు ఐదు దశల్లో నాలుగోది. దీనితోపాటు మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ ఎంత పోతున్నదో చూసే పరీక్ష, కిడ్నీల సైజు చూసే అల్ట్రాసౌండ్ చేయించండి.

బంధువుల భయంలో కొంత నిజం ఉంది. కిడ్నీలు ముందే బలహీనంగా ఉన్నవారిలో ఆపరేషన్ తరువాత అవి తాత్కాలికంగా మరింత దెబ్బతినే అవకాశం మిగతావారి కంటే ఎక్కువే. అయితే చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. కిడ్నీ జబ్బు ఉన్నవారికి ఆపరేషన్ సమయంలో కిడ్నీలకంటే ముందు గుండె గురించి జాగ్రత్త పడాలి. గుండెకు సంబంధించని ఆపరేషన్లలో గుండెకు ముప్పు ఎంత అని లెక్కకట్టడానికి డాక్టర్లు 1999 నుంచి వాడుతున్న ఒక అంచనా పద్ధతిలో ఆరు అంశాలు ఉంటాయి. క్రియాటినిన్ 2.0 దాటి ఉండడం అందులో ఒకటి. కనుక ఈసీజీ తప్పనిసరి. మెట్లెక్కినప్పుడు ఆయాసం, కాళ్ల వాపు, ఛాతీలో బరువు లాంటివి ఉంటే ఎకో (గుండె స్కానింగ్) పరీక్ష కూడా చేయించాలి.

హిమోగ్లోబిన్ 8.9 విషయంలో తొందరపడి రక్తం ఎక్కించవద్దని నా సలహా. ముందు ముందు మీ అమ్మగారికి కిడ్నీ మార్పిడి గురించి ఆలోచించవలసి వస్తే, ఇతరుల రక్తం ఎక్కించినందువల్ల శరీరంలో తయారయ్యే యాంటీబాడీలు సరిపోయే కిడ్నీ దొరకడాన్ని కష్టం చేస్తాయి. పైగా నిల్వ ఉన్న రక్తంలో పొటాషియం కూడా ఎక్కువ. ఐరన్ నిల్వలు పరీక్షించి, తక్కువగా ఉంటే సెలైన్ ద్వారా ఐరన్, అవసరాన్ని బట్టి రక్తకణాల తయారీని పెంచే ఎరిత్రోపాయిటిన్ సూదులు ఇస్తే కొన్ని వారాల్లో హిమోగ్లోబిన్ పెరుగుతుంది. నేను కొన్ని వారాలు ఆగమన్నది ముఖ్యంగా ఇందుకే. ఆపరేషన్‌లో రక్తం బాగా పోతే మాత్రం ఎక్కించక తప్పదు, అప్పుడు వెనకాడకూడదు.

పొటాషియం 5.2 కొద్దిగా ఎక్కువే. ఆరు దాటితే ఏ డాక్టరూ ముందుగా నిర్ణయించిన ఆపరేషన్ చేయరు, చేయకూడదు కూడా, ఎందుకంటే గుండె లయ తప్పుతుంది. మన వైపు రోగి నీరసంగా కనిపిస్తే చాలు, టెంకాయ నీళ్లు, బత్తాయి రసం పట్టుకుని వస్తారు. గ్లాసెడు టెంకాయ నీళ్లలో దాదాపు 500 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. మీ అమ్మగారికి ఆపరేషన్‌కు ముందూ, తరువాతా అవి వద్దు. బీపీకి మంచిదని అమ్మే తక్కువ సోడియం ఉప్పులో సోడియానికి బదులుగా కలిపేది పొటాషియమే కాబట్టి దాన్ని కూడా మానిపించండి.

మందుల విషయం కొంచెం వివరంగా చెప్పాలి. ఈజీఎఫ్ఆర్ 30 కంటే తగ్గినవారు మెట్‌ఫార్మిన్ వాడకూడదు. ఆపరేషన్ ఉన్నా లేకపోయినా దాన్ని మార్చవలసిందే, డాక్టరును వెంటనే అడగండి. డాపాగ్లిఫ్లోజిన్ కిడ్నీలకు మంచి మందే అయినా, ఆపరేషన్‌కు మూడు రోజుల ముందు నుంచి ఆపాలి. లేకపోతే ఉపవాసంలో షుగరు మామూలుగానే ఉంటూ రక్తంలో ఆమ్లాలు పేరుకుపోయే ప్రమాదం ఉంది, షుగరు మామూలుగా కనిపించడం వల్ల దాన్ని ఎవరూ వెంటనే గుర్తించలేరు. టెల్మిసార్టాన్‌ను సాధారణంగా ఆపరేషన్‌కు 24 గంటల ముందు ఆపమంటారు. మత్తు ఇచ్చినప్పుడు బీపీ మరీ పడిపోకుండా ఉండడానికి ఈ జాగ్రత్త. ఆపిన మందును మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో డిశ్చార్జి కాగితంలో రాయించుకోండి. ఆపడం అందరికీ గుర్తుంటుంది, మొదలుపెట్టడం మరిచిపోతారు, ఆ తరువాత నెలల తరబడి బీపీ అదుపు తప్పి కిడ్నీలను తినేస్తుంది. ఆమ్లోడిపిన్‌ను ఆపరేషన్ రోజు ఉదయం కూడా కొద్ది నీటితో వేసుకోవచ్చు. ఇన్సులిన్ ఇవ్వవలసి వస్తే, బలహీనపడిన కిడ్నీలు దాన్ని త్వరగా వదిలించుకోలేవు కనుక, తక్కువ మోతాదుకే షుగరు పడిపోతుందని గుర్తుంచుకోవాలి.

ఎండాకాలమైతే మరో మాట. ముందు రోజు రాత్రి పదింటి నుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకుండా, తెల్లవారుజామున ఉదయగిరిలో బస్సెక్కి నెల్లూరు చేరి, మధ్యాహ్నం దాకా వంతు కోసం కూర్చుంటే కిడ్నీలు ఆపరేషన్ బల్ల ఎక్కకముందే ఎండిపోతాయి. ముందు రోజే ఆస్పత్రిలో చేరి, ఉదయం మొదటి కేసుగా పెట్టమని అడగండి. ఘనాహారం ఆరు గంటల ముందు మానాలి. మంచినీళ్లు చాలామందికి రెండు గంటల ముందు వరకూ ఇవ్వవచ్చు. ఏళ్ల తరబడి షుగరు ఉన్నవారిలో కడుపు నిదానంగా ఖాళీ అవుతుంది కాబట్టి మీ అమ్మగారి విషయంలో ఆ గడువును మత్తు డాక్టరే చెప్పాలి.

ఆపరేషన్ గదిలో కిడ్నీలను కాపాడేది ముఖ్యంగా బీపీ. సగటు బీపీ (పై అంకె, కింది అంకెల నుంచి లెక్కకట్టేది) 65 కంటే దిగకుండా చూసుకోవడం, ల్యాప్రోస్కోపీలో కడుపులోకి నింపే గ్యాస్ ఒత్తిడిని వీలైనంత తక్కువగా ఉంచడం, సెలైన్ అతిగా గానీ మరీ తక్కువగా గానీ ఎక్కించకపోవడం వారి పని. రింగర్ లాక్టేట్ అనే మరో రకం సెలైన్‌లో పొటాషియం ఉందని కిడ్నీ రోగులకు మామూలు సెలైన్ మాత్రమే పెట్టే అలవాటు ఇంకా కొన్నిచోట్ల కనిపిస్తుంది. మామూలు సెలైన్ ఎక్కువగా ఎక్కిస్తే రక్తంలో ఆమ్లం పెరిగి, దానివల్లే పొటాషియం ఎక్కువవుతుందని కిడ్నీ మార్పిడి రోగుల మీద జరిగిన పరిశోధనల్లో తేలింది. సెలైన్ సూదిని ముంజేతి మీద కాకుండా అరచేతి వెనుక వైపు పెట్టమని మీరే అడగండి. నాలుగో దశలో ఉన్నవారికి రేపు డయాలసిస్ కోసం ఫిస్టులా (చేతిలో ధమనిని సిరతో కలపడం) చేయవలసి వస్తే ముంజేతి సిరలే ఆధారం, వాటిని సూదులతో పాడుచేయకూడదు.

ఇక నొప్పి మందులు. ఇన్ని జాగ్రత్తలు తీసుకుని ఆపరేషన్ చక్కగా జరిగిన తరువాత, వార్డులో అలవాటుగా వేసే ఒక డైక్లోఫినాక్ సూది మొత్తం శ్రమను నీళ్లపాలు చేయగలదు. డిశ్చార్జి అయినప్పుడు ఇచ్చే మాత్రల అట్టను తిప్పి వెనుక వైపు చదవండి. మన మందుల షాపుల్లో ఎక్కువగా అమ్మే నొప్పి మాత్రలో 100 మిల్లీగ్రాముల ఎసిక్లోఫినాక్, 325 మిల్లీగ్రాముల పారాసెటమాల్ కలిసి ఉంటాయి. పారాసెటమాల్ అన్న పేరు కనిపించగానే పరవాలేదనుకుని వేసేస్తారు. డైక్లోఫినాక్, ఎసిక్లోఫినాక్, ఐబుప్రోఫెన్, కీటోరోలాక్, నిమిసులైడ్, ఎటోరికాక్సిబ్, వీటిలో ఏ పేరు ఉన్నా ఆ మాత్ర మీ అమ్మగారికి వద్దు. విడిగా పారాసెటమాల్ వాడవచ్చు. అది చాలకపోతే ట్రమడాల్ లాంటివి తగ్గించిన మోతాదులో, ఎక్కువ వ్యవధితో డాక్టరు ఇస్తారు. కోసిన చోట మత్తుమందు ఇంజెక్షన్ వేయడం వల్ల కూడా నొప్పి చాలా తగ్గుతుంది.

ఆపరేషన్ తరువాత మూత్రం కొలవాలి. మీ అమ్మగారి బరువు 60 కిలోలనుకుంటే గంటకు 30 మిల్లీలీటర్ల కంటే తక్కువగా ఆరు గంటలపాటు వస్తే డాక్టరుకు చెప్పాలి. క్రియాటినిన్ మొదటి మూడు రోజులూ రోజూ చేయించి, వారం తరువాత మరోసారి చూడాలి. రెండు రోజుల్లో 0.3 పెరిగినా దాన్ని తీవ్రంగానే తీసుకోవాలి.

ప్రశ్న: నాకు 47 ఏళ్లు. రెండేళ్లుగా ఒంగోలులో వారానికి మూడుసార్లు, సోమ, బుధ, శుక్రవారాల్లో డయాలసిస్ చేయించుకుంటున్నాను. ఎడమ చేతికి ఫిస్టులా ఉంది. గజ్జల్లో హెర్నియా పెద్దదై నడవడానికి ఇబ్బంది అవుతున్నది. డయాలసిస్ రోగికి ఆపరేషన్ చేయరని కొందరు, ఎలాగూ కిడ్నీలు పోయాయి కనుక భయమేమీ లేదని కొందరు అంటున్నారు.
– ఒక పాఠకుడు, పొదిలి

జవాబు: రెండు మాటలూ తప్పే. డయాలసిస్ మీద ఉన్నవారికి హెర్నియా ఆపరేషన్ చేస్తారు. గజ్జల హెర్నియాను చాలాసార్లు ఆ ప్రాంతానికి మాత్రమే మత్తు ఇచ్చి చేయవచ్చు కూడా. మీ విషయంలో అన్నిటికంటే ముఖ్యం రోజును సరిగ్గా ఎంచుకోవడం. డయాలసిస్ అయిన మరుసటి రోజు, అంటే మంగళవారం గానీ గురువారం గానీ ఆపరేషన్ పెట్టించుకోండి. శని, ఆదివారాలు రెండు రోజులు ఖాళీ వచ్చిన తరువాత సోమవారం ఉదయం ఒంట్లో నీరూ, పొటాషియమూ రెండూ ఎక్కువగా ఉంటాయి కనుక ఆ రోజు అసలు వద్దు. డయాలసిస్ అయిన అదే రోజు కూడా మంచిది కాదు, బీపీ తక్కువగా ఉంటుంది, రక్తం గడ్డకట్టకుండా యంత్రంలో వాడిన హెపారిన్ ప్రభావం కొంతసేపు మిగిలి ఉంటుంది. ముందు రోజు డయాలసిస్‌లో హెపారిన్ తగ్గించమనీ, పొడి బరువుకు (ఒంట్లో అదనపు నీరు లేనప్పటి బరువుకు) తీసుకురమ్మనీ చెప్పించండి. పొటాషియం పరీక్షను డయాలసిస్ ముగిసిన వెంటనే చేస్తే అంకె తక్కువగా వచ్చి మోసం చేస్తుంది, కణాల్లో ఉన్నది కొన్ని గంటల్లో మళ్లీ రక్తంలోకి వస్తుంది. అందుకే ఆపరేషన్ రోజు ఉదయం మరోసారి చూడాలి.

మీ ఫిస్టులా మీ ప్రాణాధారం. ఆపరేషన్ గదికి వెళ్లే ముందు ఎడమ చేతి మీద పెన్నుతో ‘బీపీ వద్దు, సూది వద్దు’ అని రాయించుకోండి. చిన్నతనంగా భావించకండి, మత్తులో ఉన్న మనిషి నోరు తెరిచి చెప్పుకోలేడు. బీపీ పట్టీ, సెలైన్ సూది, రక్తపరీక్ష కోసం కట్టే రబ్బరు, బిగుతైన కట్టు, ఇవేవీ ఆ చేతికి ఉండకూడదు, ఆ చేయి ఒత్తుకునేలా పక్కకు తిప్పి పడుకోబెట్టకూడదు. ఆపరేషన్ తరువాత మీ ఇంట్లోవారు గంటకొకసారి ఫిస్టులా మీద వేళ్లు ఆనించి, రోజూ తగిలే గరగర ఉన్నదో లేదో చూడాలి. బీపీ పడిపోతే ఫిస్టులాలో రక్తం గడ్డకట్టవచ్చు. గరగర ఆగిపోతే తెల్లవారేదాకా ఆగకుండా ఆ నిమిషమే డాక్టరుకు చెప్పాలి, కొన్ని గంటల్లోపు అయితే దాన్ని తెరిపించే వీలుంటుంది.

యూరియా ఎక్కువగా ఉన్నవారిలో ప్లేట్‌లెట్ల సంఖ్య మామూలుగా ఉన్నా అవి సరిగ్గా పనిచేయవు, అందువల్ల రక్తం కొంచెం ఎక్కువగా కారవచ్చు. ముందు రోజు సరిగ్గా డయాలసిస్ చేయించుకోవడమే దానికి మొదటి మందు. అవసరమైతే రక్తస్రావం తగ్గించే డెస్మోప్రెసిన్ ఇస్తారు. ఆపరేషన్ తరువాతి డయాలసిస్‌ను హెపారిన్ లేకుండా చేయమని గుర్తుచేయండి. యాంటీబయాటిక్ మోతాదు కూడా డయాలసిస్‌కు తగ్గట్టు ఉండాలి. ఎలాగూ కిడ్నీలు పోయాయి కదా అని నొప్పి మాత్రలు వేసుకోకండి. రోజుకు కొద్దిగానైనా మూత్రం వస్తున్నవారికి ఆ కాస్త మూత్రమే ఎంతో విలువైనది, పైగా ఆ మాత్రలతో కడుపులో రక్తస్రావం అవుతుంది. హెర్నియా తరువాత ముక్కకూడదని విరేచనం మందు ఇస్తారు. అందులో మెగ్నీషియం ఉన్న పాల రంగు మందు, ఫాస్ఫేట్ ఎనిమా మీకు పనికిరావు. లాక్టులోజ్ వాడవచ్చు.

ప్రశ్న: మా నాయనకు 58 ఏళ్లు, క్రియాటినిన్ 1.8. కంటిలో శుక్లం ఆపరేషన్ చేయించవచ్చా?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: నిరభ్యంతరంగా చేయించండి. చుక్కల మందుతో కంటికి మాత్రమే మత్తు ఇచ్చి చేసే చిన్న ఆపరేషన్ ఇది. బీపీ, షుగరు అదుపులో ఉండి, అరగంటపాటు వెల్లకిలా ఆయాసం లేకుండా పడుకోగలిగితే చాలు. చూసుకోవలసింది మాత్రల చీటీనే. కంటి ఒత్తిడి తగ్గడానికి ఇచ్చే అసిటాజోలమైడ్ మాత్ర కిడ్నీ జబ్బులో ఒంట్లో ఆమ్లాన్ని పెంచుతుంది, దాన్నీ, నొప్పి మాత్రలనూ మీ నాయన కిడ్నీ సంగతి చెప్పి మార్పించండి. కంట్లో వేసే చుక్కల మందులు వాడవచ్చు. రక్తం పలుచబడే మాత్రలు వాడుతుంటే సొంతంగా ఆపకండి.

ప్రశ్న: మాది కనిగిరి దగ్గర పల్లె. మా నాయనమ్మకు 74 ఏళ్లు, బరువు 40 కిలోలు. ఇంట్లో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్‌కు ముందు క్రియాటినిన్ 1.1 ఉంది, నార్మల్ అన్నారు. ఆపరేషన్ అయిన మూడో రోజుకు 2.6 అయింది. ఇప్పుడు 1.6కు దిగింది. ఆపరేషన్ వల్లే కిడ్నీ పాడైందా? కాళ్లనొప్పులకు ఆమె చాలా ఏళ్లుగా ఊళ్లో దొరికే మాత్రలు వాడేది.
– ఒక పాఠకురాలు, కనిగిరి ప్రాంతం

జవాబు: మీ ప్రశ్నలోని చివరి వాక్యంలోనే జవాబు చాలావరకు ఉంది. క్రియాటినిన్ కండరాల నుంచి తయారవుతుంది. 40 కిలోల సన్నని వృద్ధురాలిలో కండ తక్కువ కనుక, కిడ్నీలు సగానికి పైగా పనిచేయడం మానేసినా ఆ అంకె లాబ్ కాగితంలో నార్మల్ గీతలోపలే ఉండిపోతుంది. మీరిచ్చిన వయసు, బరువు, క్రియాటినిన్‌లతో మందుల మోతాదు కోసం వాడే పాత సూత్రం ప్రకారం లెక్క వేస్తే ఆమె వడపోత నిమిషానికి 28 మిల్లీలీటర్లే వస్తుంది. అంటే ఆపరేషన్ నాటికే ఆమె కిడ్నీలు బలహీనంగా ఉన్నాయి. దానిమీద ఎముక విరిగినప్పుడు పోయిన రక్తం, తిండీ నీళ్లూ సరిగ్గా లేకపోవడం, బహుశా మళ్లీ వేసిన నొప్పి సూదులు, అన్నీ కలిసి ఈ దెబ్బ తగిలింది.

ఆపరేషన్ చేయించడం మాత్రం సరైన నిర్ణయం. తుంటి విరిగిన వృద్ధులకు వీలైతే 48 గంటల్లోపు ఆపరేషన్ జరగాలి. క్రియాటినిన్ తగ్గేదాకా అని మంచం మీద రోజుల తరబడి ఉంచితే న్యుమోనియా, పుండ్లు, కాళ్లలో రక్తపు గడ్డలు ప్రాణం మీదికి తెస్తాయి.

మీ ప్రాంతం గురించి బాధతో ఒక మాట రాస్తున్నాను. కనిగిరి వైపు పల్లెల్లో ఫ్లోరైడ్ నీటితో కీళ్లు బిగుసుకుపోయి, పొలం పనికి వెళ్లాలంటే పొద్దున్నే ఒక నొప్పి మాత్ర మింగక తప్పని మనుషులు ఎందరో ఉన్నారు. వారిని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. కానీ ఆ మాత్ర కిడ్నీలను దెబ్బతీస్తుంది. శరీరంలోని ఫ్లోరైడ్‌ను బయటికి పంపవలసినవి కిడ్నీలే కనుక, అవి బలహీనపడితే ఫ్లోరైడ్ మరింతగా ఎముకల్లో పేరుకుంటుంది, నొప్పి మరింత పెరుగుతుంది. ఆపరేషన్‌కు వెళ్లేటప్పుడు ‘ఏ మందులూ వాడటం లేదు’ అని చెప్పేవారిలో చాలామంది ఈ మాత్రలను మందులుగా లెక్కలోకే తీసుకోరు. ఇలాంటి ఊళ్ల నుంచి వచ్చినవారిని డాక్టర్లు ఈ సంగతి పేరుపెట్టి అడగాలి. మీ ఇంట్లో ఇంకెవరికైనా ఆపరేషన్ అవసరమైతే క్రియాటినిన్ అంకె ఒక్కటే చూసి సరిపెట్టుకోకుండా ఈజీఎఫ్ఆర్ ఎంత అని అడగండి.

2.6 నుంచి 1.6కు దిగడం మంచి సూచన, ఇంకా తగ్గే అవకాశం ఉంది. నాయనమ్మకు ఇకమీదట ఆ నొప్పి మాత్రలు పూర్తిగా వద్దు, పారాసెటమాల్, కాపడం, ఫిజియోథెరపీతో సరిపెట్టాలి. కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా ఎనోక్సాపారిన్ సూదులు ఇస్తుంటే, ఆ మోతాదును ఆమె బరువుకూ కిడ్నీల పనితీరుకూ తగ్గట్టుగా తగ్గించారా అని ఇప్పుడే అడగండి. శుద్ధి చేసిన నీళ్లే తాగించండి. క్రియాటినిన్‌ను రెండు వారాలు గడిచాక ఒకసారి, ఆపరేషన్ అయిన మూడు నెలలకు మరోసారి చేయించి, ఆ మూడో నెలలో మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష కూడా కలిపి కిడ్నీ డాక్టరుకు చూపించండి. అప్పటికీ ఈజీఎఫ్ఆర్ 60 లోపే ఉంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బుగా నమోదు చేయించి, ఆ కాగితాన్ని తుంటి ఆపరేషన్ కాగితాలతోపాటే భద్రపరచండి.